చాటింపు విన్న సాయంత్రం

కొత్తపట్టపుపాలెం,
28-9-1961, గురువారం.

పడమటి గాలి తగ్గింది. మబ్బు ఉంది గాని వాన లేదు. పొద్దున వంటింటి కప్పు మీద చివికిన తాటాకు తీసి కొత్త ఆకు వేశాను.

చి.ల.సౌ. చెల్లెలు కామమ్మకు అన్న ముత్యాలయ్య దీవించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. అంతా అంటే నేనొక్కడినే అని నీకు తెలుసు, అయినా చెయ్యి ఆ మాటే రాస్తుంది. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ కులాసా అని నీ ఉత్తరం వల్ల తెలిసింది. నిన్న మధ్యాహ్నం టపా మనిషి దాన్ని ఉప్పు కొటారు దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. బస్తాల లెక్క రాస్తున్నవాడిని కలం పక్కన పెట్టి చదివాను. చదివి జేబులో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా మళ్ళీ తీయలేదు.

నువ్వు కోప్పడలేదు. కోప్పడి ఉంటే జవాబు రాయడం తేలికయ్యేది. "జాతర చాటింపు పడితే నువ్వు మాత్రం ఏం చేస్తావులే అన్నా" అని రాశావు. జాతర వల్ల రాలేనని పోస్టుమాస్టరు చేత ఇంగ్లీషులో కొట్టించిన తంతిని నువ్వు ఒక్క మాట కూడా శంకించకుండా నమ్మావు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పెద్దదవుతుంది. నువ్వు అడిగినవాటికి వరసగా రాస్తాను.

టికెట్టు ఏమైందని అడిగావు. వృథా కాలేదు. ఓడ కంపెనీ వాళ్ళు కొంత పట్టుకుని తతిమ్మాది జమ ఉంచారు. ఆరు నెలల లోపల పినాంగు పోయే ఏ ఓడకైనా అది చెల్లుతుందట. పాస్‌పోర్టు భద్రంగా ఉంది. మశూచికీ కలరాకీ పొడిపించుకున్న సూదుల కాగితం కూడా దానితోనే పెట్టాను. చెయ్యి వాపు తగ్గింది.

మద్రాసులో ఎక్కడ దిగాలనుకున్నానని అడిగావు. ఆ ఏర్పాటంతా హజరత్తయ్యది. బిట్రగుంటలో రైలింజను మీద ఫైర్‌మన్‌గా చేసి రిటైరైనాయన. ఉప్పు వ్యాగన్ల పని మీద నాకు ఇరవై ఏళ్ళ నుంచి స్నేహితుడు. తను ఎన్నడూ ఓడ ఎక్కలేదు గాని, ఎక్కించే పని మాత్రం నెత్తిన వేసుకున్నాడు. శ్రావణంలో ఒకసారి ప్రయాణం సామాను చూద్దామని మన ఇంటికి వచ్చాడు. నా గుడ్డసంచి చూసి అక్కడే కూలబడ్డాడు.

"ఒరే ముత్యాలూ, నువ్వు పోయేది సింగపూరుకా, సింగరాయకొండకా? ఇదేం సంచిరా?"

"నాలుగు పంచెలేగా."

"నాలుగు పంచెలు కట్టుకుని సముద్రం దాటుతుండావు. ట్రంకుపెట్టె కొనుక్కో. ఓడ ఊగితే అటు దొర్లి ఇటు వచ్చినా మూత ఊడకూడదు. నీ సంచి అయితే నాగపట్నం దాటకముందే చేపలకి పంచెలు పంచిపెడతాది."

మద్రాసులో సెంట్రల్ స్టేషను దగ్గర ఒక హోటలుకు ఉత్తరం రాసి రెండు రాత్రులకు గది చెప్పాడు. కింది గదే కావాలన్నాడు. మేడ మీద గదుల్లో నల్లులట. ఒకరోజు డాక్టరు పరీక్షకూ ముద్రలకూ పోతుంది, రెండోరోజు ఊరు చూడమన్నాడు. "బతికిన కాలేజి ముందు చూడు, పులి ఉండాది. చచ్చిన కాలేజి తర్వాత చూడొచ్చు. దాంట్లో ఉండేవి యాడికీ పోవు" అన్నాడు. జంతువుల తోటనూ మ్యూజియాన్నీ మద్రాసులో అట్లాగే అంటారట. నాగపట్నంలో ఓడ ఒక పగలంతా సరుకు ఎక్కించుకుంటుంది, ఆ లోపల నాగూరు దర్గాకు పోయి తన పేరున చక్కెర చదివించి రావాలన్నాడు. "మా అమ్మ ఆ దర్గా సామికి మొక్కుకుంటేనే నేను పుట్టినాను. నువ్వు సముద్రం మీద పోతా ఆయన వాకిలి ముందు ఊరికే పోతావా ఏందిరా" అని చక్కెర పొట్లం కూడా కట్టి ఇచ్చాడు. మొన్న గది వద్దని హోటలుకు మళ్ళీ ఆయన చేతే రాయించాను. రాసి, సిరా ఆరకముందే మడిచి నా చేతిలో పెట్టాడు.

మీ వైపు ఏర్పాట్లు కూడా నా వల్లే చెడినాయి. పినాంగు కొండ మీద బంగళాలో రెండు రాత్రులకు బావ గది చెప్పిన సంగతీ, అది మాన్పించడానికి మళ్ళీ కొండ రైలెక్కి పోవలసి వచ్చిన సంగతీ రాశావు. అక్కడి నుంచి మనం ముగ్గురం అదే ఓడలో సింగపూరు పోయి నాలుగు రోజులు చూసి రావాలని నువ్వు అనుకున్నావు. పాముల గుడి చూపిస్తానన్నావు. చిన్నదాని సైకిలు రిక్షా ముచ్చట కూడా చదివాను. మేనమామను ఎక్కించుకుని రేవు చుట్టూ తిప్పుతానందట. దానికి నా తరఫున ఏదో ఒక మంచి మాట చెప్పు. నాకు తోచడం లేదు.

ఈ ప్రయాణానికని నేను ఒక పుస్తకం కుట్టాను. రోజుకొక పుట. పైన తారీకు, దాని కింద ఆ రోజు ఎక్కడుంటానో ఒక ముక్క, తతిమ్మా పుట ఖాళీ. చూసినవి ఏ రోజుకారోజు రాసుకుందామనుకున్నాను. ఓడ కదిలింది మొన్న శనివారం. అప్పటి నుంచి రోజూ ఆ పుస్తకం తెరవకుండా ఉండలేకపోతున్నాను. ఆదివారం పుటలో నాగపట్నం అని ఉంది. ఎల్లుండి శనివారం పుటలో పినాంగు, చెల్లెలు అని ఉంది. ఈ రోజు పుటలో సముద్రం అని ఒక్క మాటే ఉంది. నేను ఎక్కవలసిన ఓడ ఇప్పుడు నీళ్ళ మీదే ఉంది. నా చోటులో ఎవరు పడుకున్నారో తెలియదు.

ఇక నీ తర్వాతి ప్రశ్న. ఆ కట్టుబాటు ఇప్పటికీ అంత గట్టిగా ఉందా, పెద్దకాపును అడిగితే వదలడా అని. ఉంది. నీ పిల్లలకు తెలియదు గనక చెప్పు: అమ్మవారి జాతరకు ఊళ్ళో డప్పుతో చాటింపు వేస్తారు. ఆ డప్పు పడే వేళకు పొలిమేర లోపల ఉన్నవాడు ఎనిమిది రాత్రులు ఊళ్ళోనే పడుకోవాలి. పగలు ఎటు పోయినా చీకటి పడేలోగా రావాలి. దాటిపోయినవాడి వెంట ఊరి రోగం కూడా పోయి ఇంకొక ఊరి మీద పడుతుందని పెద్దల మాట. అందుకని వచ్చిన చుట్టాన్ని కూడా పోనివ్వరు. కాని డప్పుకు ముందే దాటినవాడిని ఎవరూ అడగరు.

ఇప్పుడు పాలెం తగవులూ జాతరా నడిపే పెద్దకాపు చిన్నపోలయ్య. నీకు గుర్తుండాలి, చిన్నప్పుడు నీ చేతిలో కాల్చిన చేప లాక్కుని పరుగెత్తినవాడు. చాటింపు పద్దెనిమిదో తారీకు సోమవారమని తేలాక ఆదివారం తనే మన ఇంటికి వచ్చాడు.

"అన్నా, రేపు పొద్దుగుంకేటప్పుడు డప్పు పడతాది. నువ్వు మధ్యాన్నం బస్సుకే పో. పొలిమేర దాటినాక అమ్మకీ నీకూ లెక్క లేదు. డప్పు చెవిన పడిందంటే మాత్రం నేను కూడా ఏం చెయ్యలేను."

"సరే పోలయ్యా."

"సరే అని కూసోబాక. నిన్ను నేనెరగనా? తెడ్డు పట్టమంటే పలక పట్టినోడివి. కామమ్మను అడిగినానని చెప్పు. ఆ చేప బాకీ వచ్చి వసూలు చేసుకోమను."

ఓడ శనివారానికి గాని లేదు, అందాకా హజరత్తయ్య ఇంట్లో ఉందామని సోమవారం పొద్దున్నే పెట్టె సర్దాను. ఇంటికి తాళం వేశాను. తోటపల్లి గూడూరు నుంచి నెల్లూరు పోయే బస్సు మన రోడ్డు మీదికి రెండు గంటలకు వస్తుంది. రోడ్డుకు ముప్పావు గంట నడక. పన్నెండున్నరకు పెట్టె అరుగు మీద పెట్టి దాని మీద కూర్చున్నాను.

పక్కింటి పిచ్చమ్మ చేపలు ఎండబెట్టుకుంటూ రెండు మూడుసార్లు తిరిగి చూసింది. "ఏందన్నా, పెట్టెను నువ్వు మోస్తావా, నిన్ను అది మోస్తాదా?" అంది.

"ఎండ తగ్గనీ" అన్నాను.

ఎండ తగ్గింది. బస్సు పోయింది. తర్వాత నాలుగు గంటలకు చేపల లారీ ఒకటి పోతుంది, దాని మీద ఎక్కవచ్చు. అదీ పోయింది. పొద్దు గుంకేటప్పుడు ఉత్తరం వైపు నుంచి డప్పు మొదలైంది. వీధి వీధికీ తిరిగి మన వాకిలి ముందుకు వచ్చి, దాటి, సముద్రం వైపు పోయింది. పెట్టె మీద కూర్చునే మొదటి నుంచి చివరి దాకా విన్నాను. చిన్నపోలయ్య ముందు నడుస్తున్నాడు. నన్ను చూశాడు, పెట్టెను చూశాడు.

కాబట్టి కామా, తంతిలో నేను రాయించింది నిజమూ అబద్ధమూ రెండూను. జాతర నన్ను ఆపిన మాట నిజం. ఆపేదాకా నేను కూర్చున్నానని అందులో లేదు. ఆ డప్పు విన్నప్పుడు నాకు బాధ కలగలేదు. ఊపిరి తిరిగింది. ఆ సంగతి రాయకుండా నీ జాలి పుచ్చుకోవడం తప్పని నిన్న నీ ఉత్తరం చదివాక తోచింది.

ఎందుకు కూర్చున్నానో చెప్పాలంటే నువ్వు చివర అడిగినదానికి రావాలి. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఎన్ని ఉత్తరాల్లో అడిగావో నాకు తెలుసు, లెక్క రాసి పెట్టుకున్నాను. "అమ్మ ఆఖర్న నన్ను తలుచుకుందా? నేను వస్తానని రాసినందుకు వచ్చిన కోపం పోయిందా?" అని. ఉత్తరంలో అయితే దాని పక్కనుంచి పోయి వానల సంగతో ఉప్పు సంగతో రాయవచ్చు. ఎదురెదురుగా కూర్చున్నాక ఎట్లా పక్కనుంచి పోను? రేవులో దిగగానే నువ్వు అడిగే మొదటి మాట అదేనని తెలిసి, అక్కడి దాకా రాలేకపోయాను.

నాకు ఎవరూ చదువు చెప్పలేదు. పొట్లాల కాగితాలూ బస్తాల మీది ముద్రలూ చూసి కూడబలుక్కున్నాను. నాకు వచ్చింది నీకు ఇసుకలో రాసి నేర్పాను. మన ఇంట్లో మనిద్దరికే అక్షరాలు వచ్చు. నువ్వు అటు పోయాక అక్కడ రాసేదానివి నువ్వు, ఇక్కడ చదివేవాణ్ణి నేను. నువ్వు రాసిందీ అమ్మ విన్నదీ ఒకటేనా అని చూసేవాళ్ళు మన పాలెంలో లేరు.

మనది కుండమార్పు సంబంధం. నిన్ను బావకు ఇచ్చి, బావ చెల్లెలు పోలేరమ్మను నాకు చేసుకోవాలని మాట. బావకు రేవు పని నుంచి సెలవు చాలక నీ పెళ్ళి ముందు అయింది. నాది మరుసటి వైశాఖం అనుకున్నారు. ఆ నడుమ ఫాల్గుణంలో నీ ఉత్తరం వచ్చింది. మొదటి కడుపు పోయిందనీ, రేవు కూలీల వరసలో ఆ లైను ఇంట్లో పలకరించే ఆడమనిషి లేదనీ, రాత్రుళ్ళు నిద్ర రావడం లేదనీ రాశావు. "అమ్మను రమ్మనమను. ఒక్క మాట చాలు. గాజులు అమ్మి ఓడ ఎక్కి వస్తాను. అమ్మ పక్కన పడుకోవాలి" అని రాశావు.

అమ్మ గుంజకు ఆనుకుని కూర్చుంది. వల అల్లుతున్న చేతులు ఆపి వింటోంది. నేను ముందు మనసులో చదువుకున్నాను. తర్వాత పైకి చదివాను. "కామమ్మ బాగుందంట. కొబ్బరిచెట్లు మన ఊళ్ళో మాదిరే ఉండాయంట. ఇంటి ముందే రేవంట."

"ఇంకా ఏం రాసిందిరా?"

"అంతే."

"కాగితం నిండా ఉందే."

"పెద్ద అక్షరాలు రాసింది అమ్మా."

"పోనీలే, దండిగా రాసింది" అని అమ్మ ఆ కాగితం తీసుకుని కళ్ళకద్దుకుని గూట్లో పెట్టింది.

నువ్వు తిరిగి వస్తే నీ కాపురం సంగతి నలుగురిలో పడుతుంది. అటు వాళ్ళు పోలేరమ్మను ఇవ్వరు. కుండమార్పులో ఒక కుండ వెనక్కి వస్తే రెండోది కదలదు. నేను ఆలోచించింది అది ఒక్కటే. నీ గురించి ఆలోచించలేదు. ఆ రాత్రే అమ్మ చెప్పినట్టుగా జవాబు రాశాను. "ఇచ్చిన ఇంట్లో ఉండు. ఇప్పుడు వస్తే ఊరు నవ్వుతుంది. రావద్దు" అని. అమ్మ ఆ మాటలు అనలేదు. నువ్వు వస్తానన్నావనే ఆమెకు తెలియదు. ఆ మాటలు మూడూ నావి.

నువ్వు మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. వైశాఖంలో నా పెళ్ళయింది. పోలేరమ్మతో, ఆమె పోయేదాకా, పదిహేడేళ్ళు కాపురం చేశాను. మంచి మనిషి. ఆమెకూ చెప్పలేదు. యుద్ధంలో నీ దగ్గర నుంచి నాలుగేళ్ళు ఉత్తరం రానప్పుడు అమ్మ రోజూ టపా వేళకు రోడ్డు దాకా వచ్చేది. అప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వు బతికి ఉన్నావని తెలిశాక చెబుదామని ఆగాను. తెలిశాక చెప్పలేదు.

నీ ప్రశ్నకు జవాబు ఇది. అమ్మకు నీ మీద కోపమే లేదు. ఆఖరి వారంలో మాట్లాడినప్పుడల్లా నీ మాటే. పోయే ముందురోజు నాతో అంది: "కాముకి ఆ ఊరు బాగా కుదిరిందిరా. ఇల్లు మరిచిపోయింది. మరిచిపోతే పోనీ, సుఖంగా ఉండాది కదా." అక్కడ నువ్వు అమ్మ రావద్దందని అనుకుంటూ ఇరవైమూడేళ్ళు ఉన్నావు. ఇక్కడ ఆమె నువ్వు మరిచిపోయావని అనుకుంటూ పోయింది. రెండూ నేను చేసినవే.

బావ ఆ తర్వాత నిన్ను బాగా చూసుకున్నాడని నువ్వే రాశావు. పిల్లలు కలిగారు. అందుకని జరిగిందంతా మంచికే అని నేను అనుకోబోయిన రోజులు ఉన్నాయి. అట్లా అనవలసింది నువ్వు, నేను కాదు.

నవంబరు నాలుగున ఇంకొక ఓడ ఉందట. వద్దనుకున్న గది మళ్ళీ చెప్పమంటే హజరత్తయ్య తిట్టి చెబుతాడు. నువ్వు రమ్మంటే వస్తాను. కొండ బంగళా వద్దు, సింగపూరు వద్దు. రేవులో దిగినచోటే అడగవలసింది అడుగు, నిలబడి వింటాను. రావద్దంటే అదీ రాయి. నీకు ఆ మాట రాసిన చేతికే అది తిరిగి వస్తే తప్పు కాదు. ఏది రాసినా నువ్వే రాయి, పిల్లల చేత రాయించవద్దు. బావకు ఈ ఉత్తరం వినిపిస్తావో లేదో నీ ఇష్టం. వినిపిస్తే మాత్రం ఉన్నది ఉన్నట్టు చదువు. నన్ను కాపాడటానికి ఏ ముక్కా వదలవద్దు.

పిల్లలకు దీవెనలు. బావకు నా నమస్కారం, తీసుకుంటాననుకుంటేనే చెప్పు.

ఇట్లు,
నీకు అన్న అయినవాడు,
ముత్యాలయ్య.

తా.క. నీ పాత ఉత్తరం ఇందులో పెట్టి పంపుదామని పెట్టెలోంచి తీశాను. సిరా గోధుమరంగు తిరిగింది గాని అక్షరాలు తెలుస్తున్నాయి. కవరులో పెట్టే ముందు అమ్మ ఆనుకునే గుంజ వైపు తిరిగి కూర్చుని పైకి చదివాను, నువ్వు రాసింది రాసినట్టు, మొదటి నుంచి సంతకం దాకా. నిమిషం కూడా పట్టలేదు. ఇప్పుడు అయిదు కావస్తోంది. గాలి లేదు. తాగే నీళ్ళ కుండ ఖాళీ అయింది, ఇసుకలో చెలమకు పోయి తెచ్చుకోవాలి.